నిండుకున్న బ్యాటరీ

ఆదోని, మంగళవారం

ఊపిరి యంత్రం ఉన్న బండివాళ్లు రోజూ కరెంటు లెక్క రాయాలని మా బిడారు కట్టుబాటు. ఎంత వచ్చింది, ఎంత పోయింది, రోగి ఎలా ఉంది. పోయిన ఏడు ఆ మూడు ముక్కలే రాసి ఊరుకున్నాను. ఈసారి రాయాల్సింది చాలా ఉంది, రాసే ఓపికే లేదు. అయినా రాస్తాను. కడుపులో కుక్కుకుంటే అక్క మీద అరుస్తాను. నేను అరిస్తే తను నవ్వుతుంది, నవ్వితే దగ్గు తెర వస్తుంది, దగ్గు తెర వస్తే ఆ రోజంతా పోయినట్టే.

రోగి అంటే మా అక్క మద్దమ్మ. బేతంచెర్ల దగ్గర నాపరాయి పాలిష్ షెడ్లలో వయసంతా ధారపోసింది. షెడ్లు మూతపడి ఏళ్లయింది గానీ ఆ రాతిపొడి ఇంకా ఆమె రొమ్ములోనే ఉంది. పగలు గోడకి ఆనుకుని కూర్చుంటే తన ఊపిరి తనే పీల్చుకుంటుంది. నడుం వాలిస్తే మాత్రం యంత్రం తిరగాలి. యంత్రం తిరగాలంటే రాత్రంతా బ్యాటరీ ఉండాలి. ఆ బ్యాటరీ ఈ వేళ పొట్ట ఉబ్బించుకుని కూర్చుంది.

సీసం బ్యాటరీ, మా ఆయన బతికి ఉన్నప్పుడు కొన్నది. మూతలు తిప్పి చూస్తే లోపల పలకలు పొట్టు పొట్టుగా రాలిపోయాయి. ఇది చచ్చింది అన్నాను. అక్క మూతి మీద వేలేసుకుంది. ఇంట్లో దీపం వెలిగించే వస్తువుని అలా అనకూడదట. తనెప్పుడూ అంతే. దీపం ఆరిపోయింది అనదు, కొండెక్కింది అంటుంది. గాజు పగిలింది అనదు, పెరిగింది అంటుంది. మా ఇంట్లో మంచి మాటలన్నీ తనే తీసేసుకుంది, మిగిలినవి నాకొచ్చాయి.

శుక్రవారం దాటు మొదలవుతుంది. ఆదోని నుంచి సండూరు కొండల దాకా పరుచుకున్న నల్లరేగడి బయలుని మేం దాటు అంటాం. చెట్టు లేదు, నీడ లేదు, బ్యాటరీలు నింపే కొట్టం లేదు. ఆరు బండ్లనీ ఒకదాని వెనక ఒకటి హుసేనప్ప ట్రాక్టరుకి తగిలించుకుని, ఎండ ముదరకముందు కాస్త, ఎండ వాలాక కాస్త ఈడ్చుకుంటూ పోవాలి. అవతల కొండ కింద చల్లన, పైగా తీగ కరెంటు. వానలు పడేదాకా అక్కడే మా కాపురం. ఈ ఏడు పోకుండా ఇక్కడే ఉందామంటే వచ్చే వారం నుంచి ఆదోని బావులకి తాళాలు వేస్తారు.

కాబట్టి శుక్రవారంలోగా బ్యాటరీ కావాలి. శుక్రవారం కదిలేదాకా రాత్రిళ్లకి హుసేనప్ప తన పాత బ్యాటరీ ఒకటి అరువిచ్చాడు. ఊళ్లో ఉన్నాం గనక ఇచ్చాడు. దాటులో అయితే ఇవ్వడు, నేను అడగనూ అడగను.

ఆదోని, బుధవారం

బ్యాటరీల బజారుకి పోయాను. ఓబుళమ్మ పిలవకుండానే వెంట వచ్చింది. ఓబుళమ్మది ఆరో బండి, మాది ఐదు. ఆమె సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నా సంగతి ఓబుళమ్మని అడిగితే అదే చెబుతుంది.

బజారులో ఉన్నవి రెండే రకాలు. ఒకటి సీసం. మోయలేనంత బరువు, ఉన్నదాంట్లో సగమే వాడుకోవాలి, సగం దాటి పిండితే పలకలు పాడవుతాయి. ఎండల్లో కుతకుత ఉడికి నీళ్లు తాగేస్తుంది, అదీ కాచి వడకట్టిన నీళ్లే పోయాలి. రెండోది లిథియం. తేలిక, అడుగంటా వాడుకోవచ్చు, నీళ్లు అడగదు. కానీ ఒళ్లు వేడెక్కితే కరెంటు తీసుకోదు. నోరు మూసుకుని కూర్చుంటుంది, చల్లబడిందాకా గుక్కెడు కూడా మింగదు.

ఓబుళమ్మది సీసం బ్యాటరీ. దాన్ని ఎనుముని మేపినట్టు మేపుతుంది. పొద్దునే లేచి మూతలు తిప్పి నీళ్లు చూసుకుంటుంది, తుడుస్తుంది, మాట్లాడుతుంది కూడా. లిథియం ముందు నిలబడ్డ నన్ను చూసి రెక్క పట్టి లాగింది.

"సీసం ఆకలైతే అరుస్తాది మే. దీపం మసకేస్తాది, పంకా మెల్లగైతాది, మనకి తెలుస్తాది. ఇది అట్ల కాదు. నవ్వతా నవ్వతానే పడిపోతాది" అంది.

ఆమె చెప్పింది తప్పు కాదు. కానీ అక్క యంత్రానికి సీసమైతే రెండు కావాలి, రెండు పెడితే బండి బరువు దాటిపోతుంది, ట్రాక్టరు లాగదు. పైగా మా కడవ నీళ్లు మాకే చాలవు, దానికెక్కడ పోయను? ఈ మాట నెమ్మదిగా చెప్పి ఉండవచ్చు. పొద్దున్నుంచీ ఎండలో తిరిగి తిరిగి తల వేడెక్కి ఉన్నాను. నీ ఎనుముకి నువ్వు కుడితి పెట్టుకో పో, నా బండి సంగతి నీకెందుకు అనేశాను, బజారులో నలుగురూ వింటుండగా. ఓబుళమ్మ మొహం మాడిపోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

పాత లిథియం ఒకటి కుదిరింది. లోపల ఎంత కరెంటు ఉందో అంకెల్లో చూపించే చిన్న అద్దం పగిలి ఉంది. అది తప్ప ఏ లోపమూ లేదని అమ్మినాయన ప్రమాణం చేశాడు. ఒకసారి నింపితే అక్క యంత్రం రెండు రాత్రులు తిరుగుతుందన్నాడు. మొన్నటిదాకా ఎవరో వాడారు, అడుగున కొద్దిగా ఉంటుంది, నింపుకునే బయల్దేరండి అన్నాడు. బండి పైన ఎండపలకల నుంచి వచ్చే కరెంటుని సర్దే పెట్టె ఉంటుంది, అందులో సీసం వైపున్న మీటని లిథియం వైపు మార్చుకోమని కూడా చెప్పాడు. మార్చాను. కొత్తొక వింత, పాతొక రోత అని అక్క సణిగింది. నువ్వు నోరు మూసుకుని ఊపిరి పీల్చు అన్నాను.

ఆదోని, గురువారం

నింపుడు కొట్టంలో జాతర. దాటుకి పోయే బిడార్లన్నీ ఒకేసారి దిగాయి. గోడ పొడుగునా బ్యాటరీలు వరసగా పెట్టి తీగలు తగిలిస్తారు. నింపాల్సినవి ఎడమ వరస, నిండినవి కుడి వరస. నిండినదాని మీద సుద్దతో గుండ్రం చుడతారు. అన్నీ చూసుకునేది ఒక్క పిల్ల. చెమటతో ముద్దయిపోయి, జడ నెత్తికి చుట్టుకుని, ఒకచోట కాలు నిలవకుండా తిరుగుతోంది.

బ్యాటరీని చేతిబండి మీద తెచ్చి అక్కని దాని పక్కనే నీడలో కూర్చోబెట్టాను. నీళ్ల వరస కూడా ఈ రోజే. రెండు వరసల్లో ఒక్క మనిషి నిలబడలేదు కదా. కడవలు తీసుకుని పోయాను. అక్కడ తోపులాట, అరుపులు, ఒకావిడ కడవ పగిలి ఏడుపు. తిరిగి వచ్చేసరికి కాళ్లు పీకుతున్నాయి.

మా బ్యాటరీ అప్పుడే కుడి వరసలో ఉంది. నెత్తిన సుద్ద గుండ్రం. లిథియం తొందరగా నిండుతుందని అమ్మినాయన చెప్పనే చెప్పాడు, ఇంత తొందరగా అనుకోలేదు. బండికి తెచ్చి బిగించి, ముల్లు మీటరు పెట్టి చూశాను. ముల్లు పైనే ఉంది. ఓబుళమ్మ బ్యాటరీ ఇంకా ఎడమ వరసలోనే కుతకుతమంటోంది. ఆమె వినేట్టు అక్కతో అన్నాను, చూశావా, మనది ముందే అయిపోయింది అని. అలాంటి మాట అన్నందుకు సిగ్గుపడే ఓపిక కూడా లేదు ఈ రోజు.

దాటు, శుక్రవారం

తెల్లవారకముందే కదిలాం. కానుగ నూనె పొగ వాసన, ఆరు బండ్ల కిర్రుకిర్రు. ఎండెక్కేసరికి ఆగి తడకలన్నీ దించుకుని పడుకున్నాం. పడుకున్నాం అంటే పడి ఉన్నాం. ఎండపలకల మీద రేగడి దుమ్ము పరుచుకుంది. తుడవడానికి నిచ్చెన ఎక్కితే ఇనుప మెట్టుకి అరచేయి కాలింది.

రోగి బాగానే ఉంది. యంత్రం తిరుగుతోంది.

దాటు, శనివారం

తెల్లవారుజామున యంత్రం ఆగిపోయింది. మసక లేదు, మూలుగు లేదు. తిరుగుతూ తిరుగుతూ టక్కున ఆగింది. అక్క లేచి కూర్చుని గాలి కోసం నోరు తెరుస్తోంది. వెనక నుంచి పట్టుకుని నా రొమ్ముకి ఆనించుకుని కూర్చున్నాను. వెలుగు వచ్చేదాకా అలాగే ఉన్నాం.

పొద్దున ఎండపలకల నుంచి కాస్త వచ్చింది. ఎండ ముదిరే కొద్దీ బ్యాటరీ ఒళ్లు కాలిపోతోంది, కరెంటు తీసుకోవడం మానేసింది. నెత్తి మీద మండే సూర్యుడు, పలకల నిండా కరెంటు, తాగమంటే తాగదు. ట్రాక్టరు నుంచి తీగ లాగుదామా అంటే దాని డైనమో దాని దీపాలకే చాలదు.

అమ్మినవాడిని తిట్టాను. వాడి ఏడు తరాలనీ తిట్టాను. తరవాత నింపుడు కొట్టం పిల్లని అందుకున్నాను. ఒళ్లు దగ్గర పెట్టుకోకుండా సుద్ద గీసి పారేసిందని, ఎదురుపడితే ఆ జడ పట్టుకుంటానని. అక్క చాలాసేపు వింది. మెల్లగా అంది, ఆ పిల్లని అనొద్దు మే అని. ఎందుకనొద్దు అన్నాను. నేను నీళ్లకి పోయినప్పుడు ఆ పిల్ల వచ్చి ఏమైనా అడిగిందా?

"అడిగింది. బ్యాటరీ ఎట్లుంది పెద్దమ్మా అని."

"నువ్వేమన్నావు?"

"నిండుకుంది తల్లీ అన్నా."

బియ్యం నిండుకున్నాయి అంటే డబ్బా అడుగు కనిపిస్తోందని మా ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు. నూనె నిండుకుంది, ఉప్పు నిండుకుంది. లేదు అనే మాట ఇంట్లో వినపడకూడదని మా అమ్మ నేర్పింది, అక్క నేర్చుకుంది. ఆ పిల్ల మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిండిందా, నిండలేదా అనే రెండు మాటల మధ్యే బతుకుతోంది. నిండుకుంది అంటే నిండింది అనుకుంది. మీటరు పెట్టి చూసే ఉంటుంది, ముల్లు పైనే ఉండి ఉంటుంది. కడుపు ఖాళీ అయినా లిథియం ముల్లు దించదు, అడుగంటాకే ఒక్కసారి పడిపోతుంది. ఓబుళమ్మ చెప్పింది ఇదే.

అయిపోయింది అని ఒక్క మాట అనలేకపోయావా అన్నాను. చూస్తాచూస్తా ఎట్లంటానే, మన దీపాన్ని అంది. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నేను నవ్వితే తనూ నవ్వింది. దగ్గు తెర వచ్చింది. ఎవరిని తిట్టాలో తెలియక ట్రాక్టరుని తిట్టాను.

వెనక్కి తిరగడానికి లేదు, నూనె ముందుకే సరిపడా ఉంది. ఎవరినీ అడగడానికీ లేదు. దాటులో ఒకరి నీళ్లు, ఒకరి కరెంటు ఇంకొకరు అడగరాదు. అడిగితే కాదనలేరు, ఇస్తే వాళ్లు ఎండిపోతారు. అందుకని అడగకపోవడమే మర్యాద. ఈ రాత్రి అక్క కూర్చునే గడపాలి.

దాటు, ఆదివారం

రాత్రంతా వీపుకి వీపు ఆనించుకుని కూర్చున్నాం. తన వీపు ఎగసిపడుతుంటే నాది కూడా ఎగసిపడింది. కునుకు పట్టలేదు.

పొద్దున ఒక ఉపాయం తట్టింది. బండిలో చల్లని చోటు ఒక్కటే, అక్క మంచం. చుట్టూ వట్టివేళ్ల తెర, దాని మీద చుక్క చుక్కగా నీళ్లు పడతాయి. ఆ తెర లోపల ఒక్క ఒంటికే చోటు. బ్యాటరీని విప్పి, పొడుగు తీగలు తగిలించి, తెచ్చి మంచం మీద పడుకోబెట్టాను.

"ఈ వయసులో నా మంచం మీదికి పెండ్లికొడుకుని తెచ్చినావా" అంది అక్క.

పెండ్లికొడుకు చల్లబడ్డాడు, కరెంటు తీసుకున్నాడు. మిట్టమధ్యాహ్నం దాకా మెల్లమెల్లగా మింగాడు. అంతసేపూ అక్క బండి కింద, చక్రాల మధ్య నీడలో, తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చుంది. నీడ అంటే పేరుకే నీడ. నేల నుంచి సెగ. సాయంత్రానికి ఆమె పెదవులు నల్లబడ్డాయి. ఎంత ఎక్కిందో లెక్కేస్తే రాత్రిలో మొదటి జాముకి మించి రాదు.

ఆ మాట చెప్పగానే అక్క లేచింది. చాప చుట్టి చంకన పెట్టుకుంది. యంత్రాన్ని చక్రాల మీద లాక్కుంటూ ఒక్కో అడుగూ వేస్తూ మొదటి బండికి, హుసేనప్ప బండికి నడిచింది. ఎక్కడికే అంటూ వెనకే పరిగెత్తాను. గుమ్మంలో నిలబడి, హుసేనప్పా, ఈ రాత్రికి నేను మీ ఇంటికి చుట్టాన్ని అంది. కరెంటు మాట ఎత్తలేదు, బ్యాటరీ మాట ఎత్తలేదు. చాప తెచ్చుకున్న చుట్టాన్ని గుమ్మంలోంచి తిప్పి పంపే బండి మా బిడారులో లేదు. హుసేనప్ప నా మొహం వంక చూశాడు, అక్క పెదవుల వంక చూశాడు, యంత్రాన్ని తనే ఎత్తి లోపల పెట్టాడు. అతని భార్య అప్పటికే పక్కకి జరిగి చోటు చేస్తోంది.

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అడుక్కున్నట్టే కదా ఇది అన్నాను అక్కతో. నేనేం అడగలేదే అంది.

దాటు, సోమవారం

ఈ రాత్రి రెండో బండిలో. కొత్తగా పెళ్లయినవాళ్లు, తాము బయట పడుకుంటామని చాపలు తీసుకుని వెళ్లిపోయారు. మొదటి జాము మా బ్యాటరీ మీద, తరవాత వాళ్లది. ఉత్త చేతులతో పోవడం నాకిష్టం లేదు, అందుకే పగలు మళ్లీ పెండ్లికొడుకుని మంచం ఎక్కించాను. అక్క మళ్లీ చక్రాల మధ్య కూర్చుంది.

హుసేనప్ప వచ్చి చూసి, మంచం ఆమెకి వదిలేయ్ సుంకులమ్మా, రాత్రికి మేం లేమా అన్నాడు. మా కరెంటు మేం తెచ్చుకుంటాం అన్నాను.

రోగి ఉంది. అన్నం తినలేదు.

దాటు, మంగళవారం

హుసేనప్ప మాట వినాల్సింది. రెండు మధ్యాహ్నాల సెగ అక్కని పిండేసింది. ఈ రోజు తనని మంచం దించలేదు, బ్యాటరీ ఎండలో ఉడికినా సరే అని వదిలేశాను. ఈ బుద్ధి మొన్న వచ్చి ఉంటే బాగుండేది.

ఇంక ఒక్క రాత్రి ఉంది. రేపు పొద్దెక్కేసరికి కొండ కింద ఉంటాం. ఒకటో బండి, రెండో బండి బ్యాటరీలు మళ్లీ నిండలేదు. మూడు, నాలుగు బండ్లవి పంకా తిప్పడానికే చాలవు. మిగిలింది ఆరో బండి. బజారులో అన్న మాట తరవాత ఓబుళమ్మ నాతో పలకలేదు, నేను ఆమెతో పలకలేదు.

అక్క చాప చుట్టుకోలేదు. ఓబుళమ్మ గడపలోకి నా అంతట నేను పోను, నువ్వు తీసుకపోతేనే పోతా అంది. ఒంట్లో ఓపిక లేక అన్నదో, నన్ను వంచడానికి అన్నదో. రెండూ అయి ఉంటాయి.

చాప చంకన పెట్టుకుని, అక్కని ఒక చేత్తో, యంత్రాన్ని ఒక చేత్తో పట్టుకుని ఆరో బండి ముందు నిలబడ్డాను. ఓబుళమ్మ బ్యాటరీ మూతలు తిప్పి నీళ్లు పోస్తోంది. చెంబు తన తాగే నీళ్లదే. దాటు దినాల్లో నూతి నీళ్లు కాచి వడకట్టడం ఎక్కడ కుదురుతుంది, తాగే వాటిలోంచే తేరిన నీళ్లు వంచి దానికి పోస్తోంది. తలెత్తి చూసింది. ఏం చెప్పాలో పొద్దున్నుంచీ అనుకున్నదంతా మరిచిపోయాను. బజారులో అట్ల అని ఉండాల్సింది కాదు అన్నాను.

"చాప ఆ మూలన వెయ్. ఈ మూలన గాలి రాదు" అంది.

అంతే. నీ లిథియం ఏమైందే అని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే నాకు తేలికగా ఉండేది.

సండూరు కొండ కింద, బుధవారం

ఇప్పుడు పొద్దుగూకింది. ఇది రాసి పడుకుంటాను.

నిన్న రాత్రి రెండో జాము దాటాక అక్కకి ఎక్కువైంది. యంత్రం తిరుగుతూనే ఉంది, అయినా గాలి లోపలికి పోవడం లేదు. గోళ్లు నీలమయ్యాయి. చేత్తో నన్ను దగ్గరికి లాక్కుంది.

"సుంకీ, మన బండికి పోదాం పా" అంది.

ఎందుకంటోందో వెంటనే తెలిసింది. చావు జరిగిన బండిలో ఆరు నెలలు ఎవరూ ఉండకూడదు. ఊళ్లో అయితే ఒక పక్కకి తోసి తాళం వేస్తారు. దాటులో అయితే ఉన్నచోట విప్పేసి వదిలేసి పోవాలి, తిరిగి వచ్చేసరికి ఇనుము కూడా మిగలదు. ఓబుళమ్మకి ఉన్నది ఆ బండి ఒక్కటే. అక్క పోయేదేదో మా బండిలోనే పోవాలని చూస్తోంది. అంత మాటనీ ఇంటికి పోదాం అన్నట్టు అంది.

నేను లేచాను. రాయడానికి మనసు ఒప్పుకోవడం లేదు, కానీ లేచాను. యంత్రం తీగ ఊడదీయడానికి చెయ్యి చాచాను. మా బండిలో కరెంటు లేదు. తీగ ఊడదీస్తే ఆమె మా గుమ్మం కూడా దాటదు. అది తెలిసే చెయ్యి చాచాను. ఒకరి ఇల్లు కూల్చడం కంటే అదే మర్యాద అనిపించింది ఆ క్షణంలో.

ఓబుళమ్మ వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కాళ్లు బారజాపుకుని, వీపు ఒక వైపు చెక్కకి ఆనించి.

"యాడికి పోతారు? పోతే నా బండే కదా పోయేది. పండుకో మద్దక్కా" అంది.

అక్క ఏదో అనబోయింది. ఓబుళమ్మ వినిపించుకోలేదు. లేచి తన పంకా ఆపింది, దీపం ఆపింది, తడకలన్నీ ఎత్తేసింది. నా చేతిలో తడిగుడ్డ పెట్టింది. చీకట్లో యంత్రం చప్పుడు ఒక్కటే. కాసేపటికి ఆ చప్పుడు మందగించింది. సీసం ఆకలని చెబుతోంది. సగం దాటిపోయింది, ఇక్కడితో ఆపకపోతే పలకలు పాడవుతాయని నాకు తెలుసు, నాకంటే ఆమెకి బాగా తెలుసు. ఆపుదామా అన్నట్టు చూశాను. చీకట్లో నా చూపు ఆమెకి ఎలా కనిపించిందో గానీ, పిండు అంది. ఎంత వస్తే అంత పిండు.

మూలుగుతూ మూలుగుతూ అది తెల్లవారేదాకా లాగింది. హుసేనప్ప ఈ రోజు ఇంకా ముందే ట్రాక్టరు కదిపాడు. వెలుగు వస్తుంటే కొండ నల్లగా కనిపించింది, దాని మీద మబ్బు తునక. తీగ కరెంటు షెడ్డు దగ్గర ఆగగానే నలుగురు చాపతో సహా అక్కని ఎత్తుకుపోయారు. ఇప్పుడు గోడలో ఉన్న కరెంటుతో యంత్రం తిరుగుతోంది. గోళ్లు మామూలు రంగుకి వచ్చాయి. నిద్రపోతోంది. ఇక్కడి డాక్టరమ్మ వచ్చి చూసి, ఇంకొంచెం ఆలస్యమైతే అని ఆగిపోయింది. నేను అక్కడే గోడ పక్కన కూర్చుని ఏడ్చాను. అక్క బతికినందుకు ఏడ్చాను. ఆ తీగ మీద చెయ్యి వేసినందుకు కూడా ఏడ్చాను. ఓబుళమ్మ ఒక లోటా మజ్జిగ తెచ్చి పెట్టి, తాగు అని పోయింది.

తరవాత మా లిథియం, ఓబుళమ్మ సీసం, బ్యాటరీలు రెండూ చేతిబండికి ఎత్తుకుని ఇక్కడి నింపుడు కొట్టానికి తోసుకుపోయాను. సీసం బ్యాటరీ ఒక పక్కకి ఒరిగి ఉంది, మూతల దగ్గర తెల్లగా పూసింది. ముందు దాన్నే దించి తీగల దగ్గర పెట్టాను. చాలా మెల్లగా, రోజంతా ఎక్కిస్తే కాస్తో కూస్తో కోలుకుంటుందేమో. కొట్టం చూసే పెద్దాయన దాన్ని చూసి పెదవి విరిచాడు. దీన్ని పెట్టడం దండగ అన్నాడు. పైగా ఇక్కడ రోజుకి ఇంటికి ఒకటే నింపుతారట, రెండోది ఎవరిదో వాళ్లే వచ్చి వరసలో నిలబడాలి. రెండింట్లో ఏది మీ ఇంటిది అని అడిగాడు.

"రెండూ మా ఇంటివే" అన్నాను.

ఏది ముందు మరి అన్నాడు. సీసందే అని చెప్పి, అది నిండేదాకా పక్కనే కూర్చున్నాను.